అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారూ,

పదిహేడేళ్ల కుర్రాడు హత్య కేసులో దొరికాడంటే సప్తగిరి సర్కిల్ టీ కొట్ల దగ్గర తీర్పు అప్పుడే వచ్చేస్తుంది: ఉరి! బాధిత కుటుంబం కోపాన్ని తప్పు పట్టను. కానీ 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మైనర్లకు ఉరిని ఒప్పుకోదు. అలాగని వదిలెయ్యదు కూడా. 16 నిండినవాళ్లు ఘోర నేరం చేస్తే, పెద్దవాళ్లలా విచారించాలా అన్నది మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు మూడు నెలల్లో తేల్చాలి. పర్యవసానం తెలిసే చేశాడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి బోర్డు పరీక్షించాలి. చిక్కంతా ఇక్కడే. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. హడావుడిగా ముగించిన పరీక్ష పై కోర్టులో నిలవకపోతే మళ్లీ తిరగాల్సింది బాధితులే. మన జిల్లాలో సైకాలజిస్టుల జాబితా సిద్ధంగా ఉందా? లేకపోతే వెంటనే తయారు చేయించండి.

ఇట్లు,
ఒక అనంతపురం వాసి