మా బాబుకు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

మా ఆరేళ్ల బాబును వీధికుక్క చెంప మీద కరిచి నిన్నటికి 28 రోజులు. రేబిస్ టీకా చివరి మోతాదు కూడా నిన్ననే పూర్తయింది కనుక, ఇన్నాళ్లూ చెప్పుకోలేకపోయిన కృతజ్ఞతలను ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

మొదటి నమస్కారం మా వీధి ఆశా కార్యకర్త గారికి. కంగారులో మేము గాయానికి పసుపు అద్దబోతుంటే ఆమె ఆపి, బాబును కుళాయి కింద కూర్చోబెట్టి, గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాల పాటు సబ్బుతో కడిగించారు. రేబిస్ వైరస్ పైన ఉండే కొవ్వు పొరను సబ్బు చెడగొడుతుందని ఆ రోజే తెలుసుకున్నాను.

ఏరియా ఆసుపత్రి డాక్టరు గారికి ఎంత చెప్పినా తక్కువే. మచ్చ పడుతుందేమోనని కుట్లు వేయమని నేను పట్టుబట్టినా ఆయన విసుక్కోలేదు. వైరస్ నరాల వెంట మెదడుకు చేరుతుందనీ, ముఖం మీది కాటుకు ఆ దారి దగ్గరనీ, వెంటనే కుట్టేస్తే వైరస్‌ను మరింత లోపలికి నెట్టినట్టవుతుందనీ ఓపికగా వివరించారు. టీకా వల్ల శరీరం సొంతంగా రక్షణ తయారుచేసుకోవడానికి వారం పది రోజులు పడుతుంది కనుక, ఆ లోపు కాపాడేందుకు రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను, అంటే వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ముందే తయారై ఉన్న మందును, గాయంలోకీ గాయం చుట్టూ ఇచ్చారు. మిగిలిన మందును తొడకో పిరుదుకో ఇవ్వనక్కరలేదని, గాయంలోకి ఇచ్చిందే ముఖ్యమని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందట. లేత చెంపలోకి సూది దిగుతున్నంతసేపూ బాబుకు లెక్కలు చెబుతూ మాటల్లో పెట్టిన సిస్టర్ గారిని మా ఇంట్లో ఎవరూ మరువరు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారని మా అమ్మ ఏడుస్తూనే ఉంది. అది గొర్రె మెదడుతో చేసిన పాత టీకా మాట. మన దేశంలో దాని తయారీ 2005 నాటికే ఆగిపోయింది. మా వాడికి 0, 3, 7, 28 రోజుల్లో రెండు భుజాలకూ 0.1 మిల్లీలీటరు చొప్పున చర్మంలోకి ఇచ్చారు, అంతే.

ఇక పశువైద్యాధికారి గారు. కుర్రాళ్లు కర్రలతో కుక్క మీదికి బయలుదేరితే ఆయనే వచ్చి అడ్డుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ కర్రలు పట్టుకున్నవారిలో నేనూ ఉన్నాను. కరిచేనాటికి కుక్క లాలాజలంలో వైరస్ ఉండి ఉంటే అది పది రోజుల్లోపే జబ్బుపడి చనిపోతుందని, అందువల్ల దాన్ని కట్టేసి చూడటమే మనకు మేలని, అయితే ఆ ఫలితం కోసం బాబు చికిత్సను మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదని ఆయన నచ్చజెప్పారు. పదో రోజున స్వయంగా వచ్చి, అది హాయిగా తిని తిరగడం చూసి నాకు ఫోన్ చేశారు. పరిశీలన ముగిశాకే దానికి టీకా వేసి, అదే పూట మా వీధిలోని మిగతా కుక్కలకూ వేశారు.

ఆ పది రోజులూ కుక్కను తన పెరట్లో కట్టేసుకుని అన్నం పెట్టింది టీ కొట్టు అక్క. పాల ఖర్చైనా తీసుకోమంటే, ముందు బాబుకు ఏదైనా కొనిపెట్టమని కసిరింది. అక్కా, మీకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.