గింజల గిన్నెల దగ్గర పిట్టలు చనిపోతుంటే

సంపాదకులకు,

2021 వేసవిలో అమెరికాలోని వాషింగ్టన్ డీసీ, వర్జీనియా, మేరీల్యాండ్‌లలో పక్షులు కళ్లు వాచి, పుసులు కట్టి, తూలిపడి చనిపోయాయి. బర్డ్ ఫ్లూ, వెస్ట్ నైల్ వైరస్, సాల్మొనెల్లా బ్యాక్టీరియా కాదని పరీక్షల్లో తేలినా అసలు కారణం అంతుపట్టలేదు. అందుకే అక్కడి అధికారులు గింజలు పెట్టడం ఆపమన్నారు.

మన మేడల మీదా ఇదే పద్ధతి కావాలి. ఒక్క పిట్ట ఈకలు ఉబ్బించి ముడుచుకు కూర్చున్నా గిన్నెలు తీసేయండి. జాలిపడి ఇంకా గింజలు వేస్తే గుంపు చేరి, రెట్టలు, ఎంగిలి ద్వారా జబ్బు పాకుతుంది. గిన్నెను ముందు సబ్బుతో తోమాలి, మురికి మీద బ్లీచ్ సరిగా పనిచేయదు. తర్వాత 1 వంతు ద్రవ బ్లీచ్‌కు 9 వంతుల నీళ్లు కలిపి 10 నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఎండబెట్టాలి. బూజు గింజలు పారేయండి. చచ్చిన పక్షిని ఒట్టి చేత్తో ముట్టొద్దు. వరుసగా చనిపోతుంటే పశువైద్యశాలకు, అటవీ శాఖకు వెంటనే చెప్పండి.

ఒక పక్షి పరిశీలకుడు, హైదరాబాద్