సరిహద్దు అవతలి స్టేషన్ల సమాచారం ఎప్పుడు ఇప్పిస్తారు, మంత్రిగారూ?

భూకంప పరిశీలన వ్యవహారాలు చూసే మంత్రివర్యులకు,

నమస్కారం. ఇది నా నాలుగో వినతి. ముందు పంపిన మూడింటికీ జవాబు రాలేదు. అందినట్టు ఒక్క ముక్క కూడా ఎవరూ రాయలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

పొరుగు దేశాలతో చేసుకున్న సమాచార మార్పిడి ఒప్పందం గురించి మీకు చెప్పనక్కరలేదు. సంతకాలు మీ సమక్షంలోనే జరిగాయి. ఆ తర్వాత సరిహద్దు అవతలి నుంచి ఒక్క భూకంప నమోదు స్టేషన్ సమాచారం కూడా ప్రత్యక్షంగా రాలేదు.

ముప్పై ఏళ్లు భూకంపాల నమోదు విభాగంలో పనిచేసి విరమించాను. అవతల భూమి కంపించిన రాత్రి మా గదిలో ఏం జరిగేదో వినండి. మా సిస్మోమీటర్లన్నీ, అంటే భూమి కంపనలను నమోదు చేసే పరికరాలన్నీ, ఇవతలి వైపే. భూకంపం నుంచి రెండు రకాల తరంగాలు వస్తాయి: ముందు పి తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, వెనక ఎస్ తరంగం మూడున్నర కిలోమీటర్ల వేగంతో. రెండింటి మధ్య వ్యవధిని బట్టి దూరం లెక్కకడతాం. చుట్టూ స్టేషన్లుంటే ఆ దూరాలు ఒకచోట కలుస్తాయి. అన్నీ ఒకే పక్కన ఉంటే భూకంప కేంద్రం పదుల కిలోమీటర్లు అటో ఇటో జారిపోతుంది. లోతు సంగతి మరీ ఘోరం. దగ్గరలో స్టేషన్ లేకపోతే అది పదా, నలభయ్యా అన్నది తేలదు. పది కిలోమీటర్లని పెట్టేసి ప్రకటన పంపేవాళ్లం. లోతు తక్కువైతే పైన నేల ఎంత తీవ్రంగా ఊగుతుందో మీకు తెలుసు. సహాయ బృందాలు ముందు ఏ లోయకు వెళ్లాలని ఫోనులో అడిగితే, నేను చెప్పింది ఊహే. ఆ మాటలు ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వవు.

అవతల, కేంద్రానికి దగ్గరలోనే పరికరం పనిచేస్తూ ఉండేది. దాని ముందు నాలాంటివాడే మేలుకొని ఉండేవాడు. ఆ రికార్డు మాకు అడగగా అడగగా వారాల తర్వాత అందేది. శిథిలాల కింద ప్రాణాలతో ఉన్నవారి కోసం వెతికే సమయం అప్పటికే దాటిపోయేది.

సాంకేతిక ఇబ్బందులని చెప్పకండి. ప్రపంచమంతా మినీసీడ్ అనే ఒకే ఫైలు రూపంలో రికార్డులు దాస్తోంది, సీడ్‌లింక్ అనే ఇంటర్నెట్ పద్ధతి ద్వారా క్షణాల్లో పంపుకుంటోంది. సుమారు 150 స్టేషన్లున్న గ్లోబల్ సిస్మోగ్రాఫిక్ నెట్‌వర్క్ సమాచారం అందరికీ ఉచితం. కానీ అంత పలుచటి వల చిన్న ప్రకంపనలను పట్టలేదు. వాటికి ఇరుగుపొరుగుల స్టేషన్లే దిక్కు.

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పుట్టిన సునామీ రెండు లక్షలమందికి పైగా ప్రాణాలు తీసుకున్నాకే హిందూ మహాసముద్ర దేశాలు కలిసి హెచ్చరిక వ్యవస్థ పెట్టుకున్నాయి. 2015 ఏప్రిల్ 25 నాటి నేపాల్ భూకంపంలో భారత్, టిబెట్, బంగ్లాదేశ్‌లలోనూ జనం చనిపోయారు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియా రెండూ ఒకే తెల్లవారుజామున కూలాయి. ఇంకా ఎన్ని కావాలి?

మంత్రిగారూ, పెద్ద కేంద్రాలూ కొత్త భవనాలూ అడగడం లేదు. అవతలి వైపు మూడు స్టేషన్లు చాలు, వాటి తరంగాల రికార్డులు ఆగకుండా రావాలి. మనవీ వాళ్లకు వెళ్లాలి. బ్యాటరీ పాడైతే ఏ దేశం మార్చాలో ఒప్పందంలో రాయించండి. రెండు వైపుల విశ్లేషకులను ఏడాదికొకసారైనా కలిసి కూర్చోబెట్టండి. అన్నిటికంటే ముందు ఆ మూడు స్టేషన్లు ఇప్పించండి.

నా కుర్చీలో ఇప్పుడు నేను పని నేర్పిన అమ్మాయి కూర్చుంటోంది. మొన్న అర్ధరాత్రి ఫోన్ చేసి, "లోతు ఎంతని వేయమంటారు సార్?" అని అడిగింది. పది అని వేయమన్నాను.

విధేయుడు,
విశ్రాంత భూకంప విశ్లేషకుడు