కందుకూరులో కందుకూరి వాళ్లు ఉండరు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం ఇంటిపేర్ల మీద మీరు వేసిన వ్యాసం బాగుంది కానీ, ఇంటిపేరులో ఊరి పేరుంటే పూర్వీకుల జాడ కోసం ఆ ఊరు వెళ్లి అదే ఇంటిపేరు వాళ్లను వెతకమన్న సలహా దగ్గర మాత్రం నవ్వొచ్చింది, ఎందుకంటే నేను ఆ పని చేసి వచ్చినవాణ్ణి.

మా ఇంటిపేరు కందుకూరి. (వీరేశలింగం గారికి మీరేమవుతారని అడగని మనిషి లేడు. ఏమీ కాము.) రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో ఒంగోలు అవతలున్న కందుకూరు వెళ్లి, టీకొట్టు దగ్గర మా ఇంటిపేరు వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగితే, అక్కడ కూర్చున్న పెద్దాయన 'ఇక్కడుండే వాళ్లందరిదీ కందుకూరే కదయ్యా, ఇంకెవర్ని కందుకూరోళ్లంటాం' అన్నాడు. టీ చల్లారేలోపే నా పరిశోధన అయిపోయింది.

ఆలోచిస్తే ఆయన మాటే నిజం. 'కందుకూరి' అంటే కందుకూరుకు చెందినవాళ్లనే కదా, అలా పిలిచేది వలస వెళ్లిన చోటివాళ్లే. సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో, రాధాకృష్ణన్ గారు పుట్టింది తిరుత్తణిలో. మోక్షగుండం ఆంధ్రలో గిద్దలూరు వైపు ఉంటే విశ్వేశ్వరయ్య గారు పుట్టింది కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. సొంతూళ్లో ఉన్నన్నాళ్లూ మా వాళ్లకి ఇంకో ఇంటిపేరు ఉండేదేమో కూడా.

పైగా ఊరొకటే ఉండాలనేముంది? హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్తుంటే రంగారెడ్డి జిల్లాలో ఇంకో కందుకూరు బోర్డు కనపడింది, అదో కొత్త టెన్షన్. ఇంటిపేరు కలిసింది కదా అని చుట్టరికం కలిపేసుకోవడం కూడా కుదరదు, ఒకే ఊరి నుంచి రకరకాల కులాలవాళ్లు తరలి వెళ్లి అదే పేరు పెట్టుకున్నారు, మా వీధిలోనే రెండు కులాల కందుకూరి వాళ్లం ఉన్నాం.

చివరికి కాస్త దారి చూపింది మా పెదనాన్న ట్రంకుపెట్టెలో దొరికిన పాత అమ్మకం దస్తావేజు. అందులో మనిషి పేరు పక్కనే ఫలానా ఊరి కాపురస్తులు అని రాస్తారు. మా ముత్తాత పేరు పక్కన మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని ఊరుంది, అది మా తణుకుకి ఇరవై మైళ్లు కూడా ఉండదు. ముందు అక్కడికెళ్లి, అక్కడి నుంచి ఒక్కో ఊరూ వెనక్కి పోవాలి. ఆ ముక్క నేను కందుకూరు వెళ్లకముందే ఎవరైనా చెప్పుంటే నా బస్సు చార్జీలు మిగిలేవి.

- ఒక కందుకూరి, తణుకు