ఫోటో కింద ఆ పిల్లల పేర్లు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మేం బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. సొంతూరు హిందూపురం పక్కన పల్లె, ఇక్కడికొచ్చి 14 ఏళ్ళయింది. మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లుంటే తెలుగు పేపర్ వచ్చేది మూడిళ్ళకే, అందులో మాదొకటి. మా అత్తమ్మ కోసం వేయించుకోవడం మొదలుపెట్టాం, ఇప్పుడు పాపకి కూడా అదే బడి అయిపోయింది, ఎందుకంటే పాప ఆరో క్లాసు, స్కూల్లో ఇంగ్లీషు కన్నడ హిందీ ఉన్నాయి గానీ తెలుగు లేదు, వాళ్ళవ్వే పేపర్ ముందేసుకుని అక్షరాలు దిద్దించింది. కన్నడ వచ్చు కాబట్టి సగం పని తేలికైంది, క, త, శ దగ్గర కొన్నాళ్ళు తడబడింది, ఇప్పుడు గడగడా చదివేస్తుంది. పొద్దున స్కూల్ వ్యాన్ వచ్చేలోపు ఒక వార్త గట్టిగా చదివి అవ్వకి వినిపించాలి, ఏ వార్త అనేది పాప ఇష్టం, దాదాపు రోజూ స్పోర్ట్స్ పేజీనే తీస్తుంది.

పాప స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది, క్యాచర్. అంటే బ్యాటర్ వెనకాల మొహానికి మాస్క్ పెట్టుకుని గొంతుక్కూర్చుని బాల్ అందుకునే పిల్ల.

కొన్నాళ్ళ కిందట ఒక పేపర్‌లో, ఏ పేపరో ఇక్కడ అనవసరం, జిల్లా పేజీలో ఒక ఫోటో వచ్చింది. ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ టీమ్ కప్పు గెలిచింది. పాప ఎగిరి గంతేసింది, తన ఆటని తెలుగు పేపర్‌లో చూడటం అదే మొదటిసారి. ఫోటోలో 14 మంది పిల్లలున్నారు, వెనక వరస నిల్చుని ఉంది, ముందు వరస మోకాళ్ళ మీద, ఆ చివర ఒకమ్మాయి మాస్క్ చంకలో పెట్టుకుని నవ్వుతోంది, మోకాలికి బ్యాండేజీ ఉంది. "ఈ అక్క క్యాచర్ అవ్వా, నాలాగే" అని వేలు పెట్టి చూపించి కింద పేరు చదవబోయింది. కింద ఏముందంటే, విజేత జట్టుకు ట్రోఫీ అందజేస్తున్న ముఖ్య అతిథి, పక్కన అధ్యక్షుడు, కార్యదర్శి, ఒక దాత, ఇట్లా ఆరుగురి పేర్లు హోదాలతో సహా ఉన్నాయి. పిల్లల పేరు ఒక్కటి లేదు. వార్త మొత్తం వెతికింది, అక్కడా లేదు, ఫైనల్లో ఎవరి మీద గెలిచారు స్కోరెంత అదీ లేదు. పాప ఆ ఆరు పేర్లూ చదివి ఆగిపోయింది. మా అత్తమ్మకి చూపు సరిగ్గా ఆనదు, "ఆ పిల్ల పేరు చదవలేదేమే" అంది, పాప ఏదో వదిలేసిందనుకుని. "లేదు అవ్వా" అంది పాప. ఆ రోజు నుంచీ ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నా.

పేపర్‌లో జాగా లేదంటారని తెలుసు. కానీ ఆ ఆరుగురి పేర్లకీ ముందు వెనకా ఉన్న హోదాలు తీసేస్తే ఆ జాగాలోనే 14 పేర్లు పడతాయండీ, నేను లెక్కపెట్టి చూశా. ఆ ఊళ్ళో ఆ రోజు ఎండలో పరిగెత్తింది ఆ పిల్లలు. ఆ పేపర్ కటింగ్ వాళ్ళింట్లో అమ్మానాన్నలు దాచుకుంటారు, చుట్టాలకి చూపిస్తారు, రేపు ఆ పిల్లని ఇంకో ఊరికి టోర్నమెంట్‌కి పంపాలా వద్దా అని ఇంట్లో మాటొచ్చినప్పుడు ఆ కటింగ్‌లో పేరుండటం ఎంత పని చేస్తుందో ఆడపిల్లలున్న ఇంట్లో వాళ్ళకి తెలుస్తుంది.

ఇంక రెండో మాట. మీరు ఆదివారం పిల్లల పేజీ వేస్తారు కదా, అందులో ఆడవాళ్ళ ఆటల గురించి, ఆడే ఆడవాళ్ళ గురించి పిల్లలకి అర్థమయ్యేలా రాయండి. సాఫ్ట్‌బాల్ గురించే చూడండి, మా చుట్టాల్లో సగం మంది అది మెత్తటి బాల్‌తో ఆడే చిన్నపిల్లల ఆట అనుకుంటారు. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, గట్టిగానే ఉంటుంది, చుట్టుకొలత 12 అంగుళాలు, క్రికెట్ బాల్ 9 అంగుళాలే. బాల్ వేసే అమ్మాయి 43 అడుగుల దూరంలో ఉంటుంది, క్రికెట్ పిచ్ 66 అడుగులు, అంటే ఎంత దగ్గరో చూడండి. బాల్ పైనుంచి విసరకూడదు, చెయ్యి భుజం దగ్గర్నుంచి రంగులరాట్నంలా ఒక చుట్టు తిరిగొచ్చి నడుము పక్కనుంచి వదులుతారు, పెద్దవాళ్ళ మ్యాచుల్లో అది గంటకి 110 కిలోమీటర్ల స్పీడుతో వస్తే బ్యాటర్‌కి ఆలోచించుకోడానికి అర సెకను కూడా ఉండదు. మొదలైంది 1887లో చికాగోలో, చలికాలంలో గది లోపల ఆడుకోడానికి ఒక బాక్సింగ్ గ్లవ్‌ని తాళ్ళతో ఉండలా కట్టి చీపురు కర్రతో కొట్టారు, మన ఊళ్ళల్లో పాత బట్టలు చుట్టి బాల్ చేసుకున్నట్టే. ఇట్లాంటివి పిల్లలకి భలే పడతాయి.

ఒకరోజు రాత్రి చపాతీలు చేస్తూ పాపకి యుకికో ఉయెనో గురించి చెప్పా. జపాన్ పిచ్చర్, అంటే బాల్ వేసే అమ్మాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు రెండు మ్యాచులు, మర్నాడు ఫైనల్, మూడూ ఆమే వేసింది, రెండు రోజుల్లో 413 బాల్స్. మొదటి మ్యాచ్ అమెరికా మీద ఓడిపోయారు, అదే రోజు ఆస్ట్రేలియాతో ఆడితే అది 12 ఇన్నింగ్స్ దాకా పోయింది, మామూలుగా ఈ ఆట 7 ఇన్నింగ్సే, మర్నాడు ఆ చేత్తోనే మళ్ళీ అమెరికాని ఫైనల్లో 3-1తో ఓడించింది. అమెరికా అంటే 1996, 2000, 2004 మూడు ఒలింపిక్స్‌లోనూ గోల్డ్ పట్టుకుపోయిన టీమ్. పాప ఏం మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం కింద పార్కింగ్‌లో గోడకేసి బాల్ వేయడం మొదలుపెట్టింది, వాళ్ళవ్వ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని లెక్కపెడుతోంది, 60 దాటేసరికి భుజం పట్టుకుని కింద కూర్చుంది. "అవ్వా, ఇంకా 353 ఎట్లా వేసిందో" అంది. అత్తమ్మ పైకొచ్చి నన్నడిగింది, "ఇంత కథుంటే పేపర్లో ఎందుకు వేయరమ్మా" అని. నేను ఇంగ్లీషులో చదువుకుని రాత్రిపూట తీరిక దొరికితే చెప్తున్నా, ఆమెకి ఇంగ్లీషు రాదు, పాప తెలుగులో చదివితే తప్ప ఆమె దాకా రాదు. పొద్దునపూట వాళ్ళిద్దరూ కలిసి చదువుకునే ఆ పది నిమిషాల్లో ఇది ఉండాలని నా కోరిక.

ఆ కథ అక్కడితో ఆగలేదు కూడా. 2005లోనే ఒలింపిక్ కమిటీ వాళ్ళు ఓటు వేసి సాఫ్ట్‌బాల్‌ని ఒలింపిక్స్ నుంచి తీసేశారు, 2012లో లేదు 2016లో లేదు, మళ్ళీ టోక్యోలోనే వచ్చింది, కరోనా వల్ల అది 2021లో జరిగింది. 13 ఏళ్ళ తర్వాత ఉయెనో మళ్ళీ వచ్చింది, 39 ఏళ్ళ వయసులో. ఫైనల్ మళ్ళీ అమెరికాతోనే. జపాన్ 2-0తో ముందుంది, ఆరో ఇన్నింగ్స్‌లో అమెరికా వాళ్ళు ఇద్దరు బేసుల మీదున్నారు (బేసులంటే పరుగు కోసం వరసగా తాకుతూ పోవాల్సిన చోట్లు), బ్యాటర్ బలంగా కొట్టింది, బాల్ సూటిగా పోయి థర్డ్ బేస్ దగ్గరున్న యు యమమోతో చేతికి తగిలి పక్కకి ఎగిరింది, అది నేల తాకేలోపు షార్ట్‌స్టాప్ మానా అత్సుమి (సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే అమ్మాయి) ఉరికి అందుకుని అక్కణ్ణుంచే సెకండ్ బేస్‌కి విసిరేసింది. కొట్టినమ్మాయి అవుట్, క్యాచ్ పడితే తిరిగి బేస్ తాకాలి, ఆలోపే బాల్ వచ్చేసింది కాబట్టి బేస్ వదిలి ముందుకొచ్చేసినమ్మాయి కూడా అవుట్. అదే స్కోరుతో జపాన్ గెలిచింది. ఈ క్యాచ్ మా పాప నాతో మూడుసార్లు చెప్పించుకుంది, నాలుగోసారి తనే సోఫా మీద నుంచి దూకి చేసి చూపించింది.

2023 అక్టోబర్‌లో ముంబైలో ఒలింపిక్ కమిటీ మీటింగ్ జరిగి 2028 లాస్ ఏంజెలిస్‌లో క్రికెట్ ఉంటుందని ఓకే చేశారు, అది పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చింది, రావాల్సిందే. అదే రోజు అదే మీటింగ్‌లో సాఫ్ట్‌బాల్ కూడా మళ్ళీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది, 2024 పారిస్‌లో లేదు కాబట్టి అది వాళ్ళకి ఎంత పెద్ద వార్తో. మా ఇంట్లో ఆ సంగతి ఏడాది తర్వాత తెలిసింది.

పిల్లలకే కాదు తల్లిదండ్రులకి కూడా పనికొస్తాయివి. "ఆటలు ఆడితే చదువేం కావాలి" అని మా ఇంట్లోనే మా ఆయన అన్నారు, తప్పు పట్టను, అందరిళ్ళల్లోనూ ఉన్న భయమే. డాట్ రిచర్డ్‌సన్ అని ఒకావిడ, అమెరికా షార్ట్‌స్టాప్, 1996 అట్లాంటాలో ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి సాఫ్ట్‌బాల్ పెట్టినప్పుడు చైనాతో ఫైనల్లో హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టింది, 3-1తో గోల్డ్. అప్పటికి ఆమె ఎముకల డాక్టర్ ట్రైనింగ్‌లో ఉంది, ఆటకోసం సెలవు పెట్టి వచ్చింది, 2000లో మళ్ళీ గోల్డ్ గెలిచింది. ఇది చెప్పాక మా ఆయన పాపకి కొత్త గ్లవ్ కొనిచ్చారు. ఆ గ్లవ్‌కి పాప రోజూ కొబ్బరినూనె రాస్తుంటే కోచ్ చూసి అది వద్దు, గ్లవ్ కోసమే వేరే నూనె ఉంటుంది అది తెచ్చుకో అన్నారట, రాత్రిళ్ళు లోపల బాల్ పెట్టి బెల్టుతో బిగించి దిండు పక్కనే పెట్టుకుంటుంది.

మనవాళ్ళ గురించి మీరు రాయట్లేదని అనను. కడప జిల్లా అమ్మాయి శ్రీ చరణి 2025 వరల్డ్ కప్‌లో 14 వికెట్లు తీస్తే, మనవాళ్ళు కప్పు గెలిస్తే, పేజీలు పేజీలు వేశారు, మా అత్తమ్మ "మన సీమ పిల్ల" అని మూడు రోజులు అదే మాట. కానీ మెడల్ వచ్చిన రోజే రాస్తున్నారు, అంతకు ముందు రోజులు ఎట్లా ఉంటాయో పిల్లలకి తెలియట్లేదు. విశాఖపట్నం జ్యోతి యర్రాజీ ఉంది కదా, 100 మీటర్ల హర్డిల్స్. 2022లో కోజికోడ్‌లో 13.09 సెకన్లలో పరిగెత్తింది, అప్పటి ఇండియా రికార్డు 13.38, 2002 నుంచీ ఉన్నది, అంటే రికార్డు బద్దలైనట్టే. కానీ ఆ రోజు వెనక నుంచి గాలి సెకనుకి 2.1 మీటర్లుంది, 2.0 దాటితే రికార్డుగా లెక్కేయరు. పాయింట్ ఒకటి ఎక్కువైందని పోయింది. తర్వాతి నెలే సైప్రస్ పోయి 13.23తో రికార్డు పెట్టింది, 2023లో ఏషియన్ ఛాంపియన్ అయింది, 2025లో మళ్ళీ అయింది. మా పాప వయసు పిల్లకి ఆ మెడల్ కంటే ఆ గాలి సంగతే మనసుకి పట్టుకుంది, రెండు రోజులు ఫ్యాన్ గాలికి కాగితం పెట్టి చూసింది.

హెడ్డింగుల్లో ఎప్పుడూ "పేదింటి బిడ్డ", "కూలీ కూతురు" అని మొదలుపెడతారు, వాళ్ళ కష్టం నిజమే, రాయాలి కూడా. కానీ పదేళ్ళ పిల్లకి ఆ అమ్మాయి పొద్దున ఎన్నింటికి లేస్తుంది, ఏం తింటుంది, హర్డిల్ దగ్గర ఏ కాలు ముందు వేస్తుంది, ఓడిపోయిన రోజు ఏం చేసింది అనేవి కావాలి. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో 110 కిలోలు ఒకటి, 130 కిలోలు ఒకటి ఎత్తి మొత్తం 240తో బ్రాంజ్ తెచ్చింది, ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి ఇండియా ఆడమనిషి మన శ్రీకాకుళం అమ్మాయి, ఇది నేను చెప్తే పాప అడిగింది, 130 కిలోలంటే ఎన్ని బియ్యం బస్తాలు అని. 25 కిలోల బస్తాలు ఐదు, పైన ఇంకో ఐదు కిలోలు. అట్లా రాయండి, పట్టుకుంటుంది.

ఇంకో చిన్న మాట, పిచ్చర్, క్యాచర్, బేస్ అని పిల్లలు గ్రౌండ్‌లో ఏమంటారో అవే మాటలు వేయండి, వాటికి కొత్తగా పెద్ద పెద్ద తెలుగు మాటలు కట్టి రాస్తే పాప అక్కడే ఆగిపోతుంది.

దూరం పోనక్కర్లేదు కూడా, మా అనంతపురంలోనే ఆర్డీటీ అనే సేవాసంస్థ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లెల ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ నేర్చుకుంటున్నారు, మీ రిపోర్టర్ ఒకరోజు పొద్దున్నే పోయి కూర్చుంటే ఒక పేజీకి సరిపడా దొరుకుతుంది. ఇక్కడ మా పాప స్కూల్లో ఐతే, పేరు రాయను, వారానికి రెండు రోజులే గ్రౌండ్ ఇస్తారు, మిగతా రోజులు మగపిల్లల క్రికెట్‌కి, అడిగితే ఈ ఆట ఎవరు చూస్తారండీ అన్నారు. పేపర్‌లో కనపడని ఆటకి గ్రౌండ్ అడగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

వారానికి అర పేజీ చాలు. జిల్లా పేజీలో టీమ్ ఫోటో వేస్తే పిల్లల పేర్లు, ఊళ్ళ పేర్లు, స్కోరు.

పాప ఆ ఫోటో కత్తిరించి తన నోట్‌బుక్‌లో అంటించుకుంది. కింద స్కేలుతో 14 గీతలు గీసి పెట్టుకుంది, మొదటి గీత పక్కన "క్యాచర్ అక్క" అని తెలుగులో రాసుకుంది, మిగతావన్నీ ఖాళీగా ఉన్నాయి. ఈ ఉత్తరం మీరు వేస్తే, ఆ ఫోటోలో పిల్లలో వాళ్ళ సారో ఎవరైనా చదివి మీకు పేర్లు పంపితే, దయచేసి అవి కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కె.ఆర్.పురం, బెంగళూరు