బలం పాఠం నిర్వచనంతో మొదలుపెట్టొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం. ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని బలం అంటే ఏంటని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెప్తారు, కానీ టేబుల్ మీద కదలకుండా ఉన్న పుస్తకం మీద ఏ బలాలున్నాయంటే మాత్రం ఏమీ లేవు సార్ అంటారు, భూమి కిందకి లాగుతోంది, టేబుల్ అంతే బలంతో పైకి నెడుతోంది, అందుకే కదలట్లేదని ఎవరూ చూపించలేదు మరి. స్పాంజ్ నొక్కించండి, షేప్ మారుతుంది. దొర్లే బంతిని పక్కనుంచి తట్టిస్తే దారి మారుతుంది. 100 గ్రాముల బరువు అరచేతిలో పెట్టి బలాన్ని కొలిచే యూనిట్ న్యూటన్, ఇదే దాదాపు 1 న్యూటన్ అని చెప్తే జన్మలో మర్చిపోరు. ఇంకోటి, బంతి దానంతటదే ఆగిపోతుందని పెద్దవాళ్ళు కూడా అనుకుంటారు, ఆపేది ఘర్షణ, అంటే నేలకీ బంతికీ మధ్య రాపిడి, నున్నటి నేల మీద ఒకసారి, గరుకు గుడ్డ మీద ఒకసారి దొర్లిస్తే పిల్లలే కనిపెట్టేస్తారు.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్