పదో తరగతి జీవశాస్త్రంలో పరిణామ పాఠాన్ని తిరిగి చేర్చండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. 2024-25లో మన పదో తరగతి పిల్లల చేతికి జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అంతకుముందు మన రాష్ట్ర మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) పుస్తకంలో మెండెల్ తర్వాత లామార్క్, డార్విన్, శిలాజాలు, మానవ పరిణామం ఉండేవి. ఇప్పుడు ‘అనువంశికత’ పాఠం మెండెల్ బఠాణీ మొక్కల గురించి చెప్పి లింగ నిర్ధారణ దగ్గర ఆగిపోతోంది. ఆ తర్వాతి జీవపరిణామ భాగమంతా పోయింది. దాన్ని తిరిగి చేర్చమని అడగడానికే ఈ లేఖ.

2022లో హేతుబద్ధీకరణ పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ ఈ కోత పెట్టింది. కోవిడ్ తర్వాత భారం తగ్గించడం, పై తరగతుల్లో ఉన్నవాటిని కింద తీసేయడం తమ ప్రమాణాలని చెప్పింది. పన్నెండో తరగతిలో పరిణామం ఉన్నమాట నిజమే. అయితే అది జీవశాస్త్రం తీసుకున్నవాళ్ళకు మాత్రమే. ఎంపీసీ, సీఈసీ, పాలిటెక్నిక్, ఐటీఐ వైపు వెళ్ళే పిల్లలకు పదో తరగతే ఆఖరి అవకాశం. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు సంతకాలు చేసి అభ్యంతరం చెప్పింది ఇందుకే.

మత విశ్వాసం కోసమే ఈ పాఠం తీసేశారని మేము అనడం లేదు. కానీ ఇది ఏ వాతావరణంలో జరిగిందో మరచిపోలేం. 2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ సహాయ మంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు, డార్విన్ సిద్ధాంతం తప్పు అన్నారు. మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి దాన్ని ఖండించాయి. మరుసటి ఏడాది జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో, డార్విన్ కంటే దశావతారాలే పరిణామాన్ని బాగా చెబుతాయన్నది మన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతే. పుస్తకంలో పాఠం లేకపోతే పిల్లలకు మిగిలేది ఇలాంటి మాటలూ, వాట్సాప్ ఫార్వర్డులూ.

విచిత్రమేమిటంటే, గొడవ తీర్చగలిగిన భాగాలే కోతలో పోయాయి. పాత ఎన్‌సీఈఆర్‌టీ పాఠంలో పొదల్లో బతికే 12 ఎర్ర పురుగుల ఉదాహరణ ఉండేది. సంతానంలో ఒకటి ఆకుపచ్చగా పుడుతుంది. ఆకుల మధ్య అది కాకుల కంట పడదు, దాని సంతతి పెరుగుతుంది. రెండో సందర్భంలో ఒకటి నీలంగా పుడుతుంది, ఆ రంగు వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. ఏనుగు వచ్చి పొద తొక్కేస్తే అదృష్టవశాత్తు నీలం పురుగులే ఎక్కువ మిగులుతాయి. మూడోదాంట్లో మొక్కలకు తెగులు సోకి పురుగులు చిక్కిపోతాయి, తిండి దొరకగానే వాటి పిల్లలు మళ్ళీ మామూలు బరువుకొస్తాయి. ప్రకృతి వరణం (పరిసరాలకు తగినవి నిలవడం), యాదృచ్ఛికత, వారసత్వంగా రాని మార్పు, ఈ మూడింటి తేడా ఇంత తేలికగా చెప్పిన పాఠం పాఠశాల పుస్తకాల్లో అరుదు. ‘పరిణామాన్ని ప్రగతి అనుకోకూడదు’ అనే భాగం కూడా పోయింది. దశావతారాల ప్రశ్నకు జవాబు సరిగ్గా అక్కడే ఉండేది.

తరగతిలో ఆ ప్రశ్న రాక తప్పదు. “మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహుడు, వామనుడు... ఇదీ పరిణామమే కదా సార్?” ఇక్కడ వెక్కిరిస్తే పిల్లవాడు ముడుచుకుపోతాడు, ఔనంటే సైన్సు తప్పుతుంది. చెప్పాల్సింది చిన్నదే. అవతారమంటే ఒకే దైవం వేర్వేరు రూపాలెత్తడం. పరిణామమంటే తరతరాలుగా సంతానంలో వచ్చే తేడాల్లో కొన్ని నిలిచి, జాతులు కొమ్మలుగా చీలడం. చేపలు తాబేళ్ళుగా మారి అంతరించలేదు, నేటికీ చెరువుల్లో ఉన్నాయి. ధర్మరక్షణ గురించి చెప్పే పురాణానికి జీవశాస్త్రం ఇచ్చే సర్టిఫికెట్ ఎందుకు? బైబిల్ సృష్టి గాథ ప్రస్తావించే పిల్లలతోనూ ఇదే మర్యాద. పరిణామం ఊహ స్థాయిని దాటిందని పోప్ రెండో జాన్ పాల్ 1996లోనే ఒప్పుకున్నారు. పరీక్షలో అడగాల్సింది పిల్లవాడి నమ్మకాన్ని కాదు, ఆధారాలను చదవగలిగాడా లేదా అన్నదే.

‘కోతి నుంచి మనిషి’ సంగతికి ఇప్పుడున్న పాఠమే ఒక తలుపు తెరిచి వదిలేసింది. మనిషికి 23 జతల క్రోమోజోములని లింగ నిర్ధారణలో చెబుతున్నాం. చింపాంజీ, గొరిల్లాలకు 24 జతలు. ఆ తేడా ఎక్కడిది? వాటిలో విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు మనలో కొనలు అతుక్కొని రెండో క్రోమోజోమైంది. కొనల్లో ఉండాల్సిన డీఎన్ఏ వరుస దాని నడుమ ఇప్పటికీ కనిపిస్తుంది. మనం చింపాంజీకి పుట్టలేదు, ఇద్దరికీ సుమారు 60-70 లక్షల ఏళ్ళ కిందట ఉమ్మడి పూర్వీకులున్నారు. ఈ పది నిమిషాల వివరణ లేక ఏళ్ళ తరబడి వాదనలు నడుస్తున్నాయి. గుండె గదుల కథా అంతే. చేపకు రెండు, కప్పకు మూడు, పక్షికి నాలుగు అని పిల్లలు బిట్ల కోసం బట్టీ పడుతున్నారు, ఆ తేడా పరిణామంలో ఎలా వచ్చిందో పుస్తకం చెప్పదు. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతిలోని ‘జీవుల్లో వైవిధ్యం’ పాఠానికీ అదే కోత పడింది.

ఆదోని, గుంటూరు వైపు పత్తి రైతుల పిల్లలకు ఇది మరీ దగ్గరి విషయం. 2002లో బీటీ పత్తి, అంటే పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి, వచ్చింది. దశాబ్దం తిరగక ముందే గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి బీటీ రకాన్ని తట్టుకుంది, తర్వాత రెండు జన్యువుల రకాన్నీ తట్టుకుంది. 450 గ్రాముల బీటీ విత్తనంతో 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చింది దీన్ని ఆపడానికే. చేను చుట్టూ అయిదు వరసలు నాన్ బీటీ వేస్తే అక్కడ మామూలు పురుగులు బతుకుతాయి. తట్టుకునే పురుగులు వాటితో జతకడితే, పుట్టే పిల్లల్లో తట్టుకునే జన్యువు జతలో ఒక్కటే ఉంటుంది, తట్టుకోవాలంటే రెండూ కావాలి కాబట్టి అవి బీటీ కాయ తిని చస్తాయి. చాలా చోట్ల ఆ ప్యాకెట్ గట్టు మీదే ఉండిపోయింది. ఇది మెండెల్, డార్విన్ కలిసిన లెక్క. మొదటి సగం చెప్పి రెండో సగం దాచడం రైతు బిడ్డకు అన్యాయం.

మేము కోరుతున్నది ‘అనువంశికత’ తర్వాత ఎనిమిది పీరియడ్లలో చెప్పగలిగిన 16 పేజీల అనుబంధం. ద్విభాషా పుస్తకం కనుక ముద్రణలో 32 పేజీలవుతుంది. 2023లో కేరళ తొలగించిన చరిత్ర, రాజనీతి భాగాలకు అనుబంధ పుస్తకాలు వేసింది కాబట్టి రాష్ట్రానికి దారి ఉంది.

అందులో ఒక కృత్యం తప్పనిసరి. పరచిన న్యూస్‌పేపరు మీద రూపాయి బిళ్ళంత ముక్కలు, న్యూస్‌పేపరువి 20, తెల్ల కాగితానివి 20 చల్లాలి. నలుగురు పిల్లలు కాకులు. అటు తిరిగి, గబుక్కున ఇటు చూసి, మొదట కంటబడ్డ ముక్క తీయాలి, తలా అయిదు. మిగిలిన ప్రతి ముక్కకూ అదే రకంది ఇంకొకటి కలిపితే మళ్ళీ 40. మూడు తరాలు చేస్తే న్యూస్‌పేపరు ముక్కలు పైచేయి సాధిస్తాయి. తెల్లవి చార్టు కాగితమైతే మందం వేలికి తగిలి లెక్క చెడుతుంది. వెతకడానికి తీరిక ఇస్తే రెండు రకాలూ సమానంగా పోతాయి. చివర్లో “ఏ ముక్కయినా రంగు మార్చుకుందా?” అని అడగకపోతే, జీవి అవసరాన్ని బట్టి మారుతుందనే పాత భ్రమ అలాగే ఉండిపోతుంది.

ఆధారాలకు దూరం పోనక్కర్లేదు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1884-85లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ బృందం తవ్వింది. కర్నూలు గుహల్లో దొరికిన ఖడ్గమృగం ఎముకలకు కర్నూలు పేరుతోనే ‘కర్నూలియెన్సిస్’ అని జాతి పేరు పెట్టారు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ళ నాటి టోబా అగ్నిపర్వతపు (ఇండోనేషియా) బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. వాటిని చేసింది మనలాంటి ఆధునిక మానవులేనా అని శాస్త్రవేత్తలు వాదించుకుంటున్నారు. ఆ వాదన కూడా పాఠంలో ఉండాలి, సైన్సు ఎలా నడుస్తుందో పిల్లలకు కనిపిస్తుంది.

మార్కులు లేని పాఠం మన బడుల్లో ఎవరూ చెప్పరు, ఇది మీకూ తెలుసు. 50 మార్కుల జీవశాస్త్రం పేపర్లో కనీసం ఆరు మార్కులు దీనికి కేటాయించాలి. బయాలజీ స్కూల్ అసిస్టెంట్లకు ఒక పూట శిక్షణ ఇచ్చి, పైన చెప్పిన ప్రశ్నలకు జవాబులు సాధన చేయించాలి. వచ్చే ఏడాది పుస్తకాలు ముద్రణకు వెళ్ళేలోపు ఎస్‌సీఈఆర్‌టీకి ఆదేశాలు ఇవ్వండి. అంతవరకు పాఠాన్ని పీడీఎఫ్‌గా దీక్షా పోర్టల్‌లో పెట్టినా మేము చెప్పుకుంటాం.

భవదీయులు,
జీవశాస్త్ర ఉపాధ్యాయులు